నాన్న మాత్రలు తొమ్మిది మిగిలాయి, ఎలా అడగాలి?

ప్రశ్న (కూతురు, ఖమ్మం)
నాన్నకి 58. సీఎంఎల్ అనే రకం బ్లడ్ క్యాన్సర్. మూడేళ్ళుగా ఇమాటినిబ్ 400, రోజుకొకటి, రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటారు. రక్తంలో ఈ జబ్బు ఎంత మిగిలిందో చూపే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష (ఎంత తక్కువుంటే అంత మంచిది) ఏడాదిగా 0.05 శాతం దగ్గరే ఉండేది, ఈసారి 0.4 వచ్చింది. "మాత్రలు సరిగా వేసుకుంటున్నారా?" అని డాక్టరు గారు అడిగితే "ఒక్కటీ మానలేదండీ" అన్నారు నాన్న. ఇంటికొచ్చాక అనుమానమొచ్చి లెక్కపెట్టాను. రెండు నెలలకని తెచ్చిన ఆరు స్ట్రిప్పులు నిన్నటితో అయిపోవాలి. ఇంకా తొమ్మిది మాత్రలున్నాయి. అడిగితే గొడవ, అమ్మకి చెబితే ఏడుపు. ఏం చేయమంటారు?

జవాబు (పదకొండేళ్ళుగా ఇదే మందు, గుంటూరు)
అమ్మా, ఆ మాత్రలు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టకు. మా అబ్బాయి అదే పని చేశాడు. ఆ తర్వాత నేను మాత్రను పెరట్లో పారేసి ఖాళీ స్ట్రిప్పు చూపించడం నేర్చుకున్నాను. అందరూ మరిచిపోయే మానరు. నాకు వేసుకున్న గంటకి కడుపులో తిప్పేది. పెళ్ళికి వెళ్తే కళ్ళ కింద ఉబ్బు చూసి "రాత్రి నిద్ర లేదా?" అని ప్రతివాడూ అడిగేవాడు, అందుకని రెండ్రోజుల ముందే ఆపేసేవాణ్ణి. బాగానే ఉన్నాను కదా అన్న ధైర్యం ఒకటి. ఆ బాగుండడం మాత్ర వల్లేనని తెలిసేసరికి నా రిపోర్టూ పైకి పోయింది. "ఎందుకు మానావు" అనకు, "ఏ రోజు ఇబ్బందిగా ఉంటోంది నాన్నా" అని అడుగు.

జవాబు (ఫార్మసిస్టు, వరంగల్)
అరవైలో తొమ్మిదంటే పదిహేను శాతం, చిన్న లెక్క కాదు. లండన్‌లో ఇదే మందు వాడే 87 మందికి, మూత ఎప్పుడు తీశారో నమోదు చేసే చిప్ ఉన్న సీసాలిచ్చి మూడు నెలలు చూశారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో, 90 శాతానికి మించి వేసుకున్నవాళ్ళకీ మిగతావాళ్ళకీ జబ్బు అదుపులో ఉండడంలో చాలా తేడా కనిపించింది. నెలకి మూడు మానితేనే 90కి దిగినట్టు.

మరిచిపోతే మర్నాడు రెండు కలిపి వేయకండి. వాంతైతే సొంతంగా ఇంకోటి వేయొద్దు, డాక్టర్ని అడగండి. బాగా తిన్నాక పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. గ్రేప్‌ఫ్రూట్, దాని జాతే అయిన పంపరపనస వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, మానిన సంగతి డాక్టరుకి చెప్పాలి. లేకపోతే మందే పనిచేయట్లేదనుకుని ఇంకోదానికి మార్చే ప్రమాదం ఉంది.

జవాబు (సిద్దిపేట)
ఒక చిన్న మాట చెల్లీ. ఏకంగా తొమ్మిది రోజులు మానారా, అప్పుడొకటి ఇప్పుడొకటా? నాన్నగారికి ఉపవాసం వారం ఏమైనా ఉందా?

ప్రశ్న అడిగినవారు
అక్కా, మీరన్నదే! నాన్నకి శనివారం ఒంటిపొద్దు. మధ్యాహ్నం ఒక్కపూటే భోజనం, రాత్రి ఏమీ ముట్టరు. క్యాలెండర్ చూస్తే ఈ రెండు నెలల్లో శనివారాలు సరిగ్గా తొమ్మిది. ఖాళీ కడుపుతో వేసుకోవద్దని మొదట్లో డాక్టరే చెప్పారు కాబట్టి ఆ రాత్రి వేసుకోరట. నెమ్మదిగా అడిగితే "శనివారం లెక్కలోకి రాదు కదే" అన్నారు. ఒక్కటీ మానలేదన్నది ఆయన దృష్టిలో నిజమే! ఇప్పుడు ఒంటిపొద్దు మానమంటే మాత్రం వినరు.

జవాబు (ఫార్మసిస్టు, వరంగల్)
మానక్కర్లేదు. మాత్రని మధ్యాహ్న భోజనానికి మార్చొచ్చా అని డాక్టర్ని అడగండి. మారిస్తే అన్ని రోజులకీ మార్చండి. శనివారం ఒక్కటే పగలు, మిగతా రోజులు రాత్రి అంటే మళ్ళీ తప్పుతుంది.

ప్రశ్న అడిగినవారు
ఫోన్ చేశాం. మధ్యాహ్నానికి మార్చారు, ఎలా మారాలో కూడా చెప్పారు. మందు అదే ఉంచి, పరీక్ష మళ్ళీ చేయించమన్నారు. స్ట్రిప్పు బీరువాలోంచి వంటింట్లోకి, పచ్చడి జాడీల పక్కకి వచ్చింది. ఫోన్లో ఇంకోటి బయటపెట్టారు నాన్న, ఆర్నెల్లుగా అర్ధరాత్రి పిక్కలు పట్టేస్తున్నాయట. ఇది కూడా మాత్ర వల్లేనా? గుంటూరు బాబాయ్ గారూ, మీకు ఎలా తగ్గింది?