సర్కారు తుమ్మ కింద గడ్డి కూడా మొలవదేం?

గుంటూరు దగ్గర మా చేను గట్టున సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకుపోయింది. దాని కింద నేల ఉత్త బోడి. పక్కనే ఉన్న వేప కింద మాత్రం గరిక, తుమ్మి, ఉత్తరేణి బాగానే ఉన్నాయి. నీడ రెండిటికీ ఉంది కదా, మరి ఈ తేడా ఎందుకు?

సర్కారు తుమ్మ వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. అంటే కింద మట్టిలో సారం ఉన్నట్టే. కానీ రాలిన ఆకుల్లోంచి దిగే రసాయనాలు వేరే విత్తనాలను మొలవనివ్వవట. పైగా వేర్లు నీటిని లాగేస్తాయి. వింతేమిటంటే, ఇదే జాతికి దగ్గరిదైన మన జమ్మి కింద రాజస్థాన్‌లో సజ్జ బాగా పండుతుంది!

కారణం నీటి పోటీయా, ఆకులా అని ఇంటి దగ్గరే తేల్చుకోవచ్చా? కుండీల్లో మట్టి పోసి, ఒకదాంట్లో ఈ ఎండుటాకులు కలిపి, రెండిట్లో పెసలు వేసి చూద్దామనుకుంటున్నాను. అది సరిపోతుందా? చెట్లు తీసేశాక ఏదన్నా విత్తడానికి ఎన్నాళ్లు ఆగాలి? మొద్దు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి వేళ్లతో సహా పెకలించాల్సిందేనా? ఈ పని చేసిన రైతులు, వృక్షశాస్త్రం చదివినవాళ్లు ఎవరైనా చెప్పండి, ప్లీజ్. మా నాన్న వానలకు ముందే కొట్టించేద్దామంటున్నారు.