.22లో ఎస్‌టీజీ-44 నకలా, పాత ట్రైనర్ రైఫిలా?

కొత్తచేయి
సరదాగా 25, 50 మీటర్లలో కాల్చుకోవడానికి ఒక రైఫిల్ కావాలి. రెండింటి దగ్గర ఆగాను. ఒకటి జర్మన్ స్పోర్ట్ గన్స్ వాళ్లు .22 ఎల్‌ఆర్ అనే చిన్న తూటాకి చేసే ఎస్‌టీజీ-44, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ రైఫిల్‌కి నకలు, సెమీ ఆటో (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా, తర్వాతిది దానంతటదే ఎక్కుతుంది). రెండోది లీ-ఎన్‌ఫీల్డ్ నం. 8 లాంటి పాత బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగే) ట్రైనర్, అంటే సైనిక శిక్షణకి చేసిన .22 రైఫిల్. మొదటిదాంట్లో రిసీవర్ (బోల్ట్ కదిలే మధ్య భాగం) జింక్ మిశ్రమం అంటున్నారు. అది ఎన్నాళ్లు ఆగుతుంది? లైసెన్సు, క్లబ్బు అన్నీ ఉన్నాయి, ఆ చర్చ వద్దు.

పాతతుపాకి
ట్రైనరే. రెండో మాట లేదు. ఆ మిశ్రమం పేరు జామాక్, అచ్చులో పోసిన జింక్. అందులో మరచుట్లు మెత్తగా ఉంటాయి. స్క్రూని నాలుగుసార్లు గట్టిగా తిప్పితే చుట్లు ఊడి పొడిగా రాలతాయి. పిన్నుల రంధ్రాలు మెల్లగా కోలగా సాగుతాయి. డెబ్బై ఏళ్ల నం. 8 ఇంకా గురి తప్పకుండా కొడుతోంది. జింక్ రైఫిల్ డెబ్బై ఏళ్లు బతుకుతుందని ఎవరైనా రాసిస్తారా?

రిమ్‌రావు
మళ్లీ జింకే. దెబ్బ ఎక్కడ పడుతుందో చూడకుండా లోహం పేరు చెప్పి భయపెడితే ఎలా? ఇది బ్లోబ్యాక్. తాళం పడే బోల్ట్ కాదు, బోల్ట్ బరువూ స్ప్రింగూ కలిసి వెనక్కి రావడాన్ని ఆలస్యం చేస్తాయి. .22 ఎల్‌ఆర్ పీడనానికి పైహద్దు చదరపు అంగుళానికి 24,000 పౌండ్లు. దాన్ని మోసేది స్టీలు బ్యారెల్, స్టీలు బోల్ట్. రిసీవర్ వాటిని పట్టి ఉంచే పెట్టె, అంతే.

నిజంగా చూడాల్సింది బ్యారెల్ నట్టు. ఇలాంటి నకళ్లలో చాలావాటికి అసలు బ్యారెల్ సన్నం. అది బయటి గొట్టంలో దూరి ఉంటుంది, మూతి దగ్గర నట్టు దాన్ని లాగి పట్టుకుంటుంది. నట్టు వదులైతే పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఇంకోచోట గ్రూపు పడుతుంది. జనం సైటుని తిప్పుతూ కూర్చుంటారు. ప్రతి 500 రౌండ్లకోసారి రైఫిల్ ఖాళీ చేసి, మూతి పట్టుకుని కదిపి చూడాలి.

ఇంకోటి, క్షారం ఎక్కువున్న డీగ్రీజర్‌లో జింక్ భాగాలు నానబెట్టకూడదు. క్షారం జింక్‌ని తినేస్తుంది. మామూలు గన్ ఆయిల్, గుడ్డ చాలు.

సున్నాగురి
జామాక్ వేడికి కరిగిపోదా?

రిమ్‌రావు
కరగాలంటే దాదాపు 380 డిగ్రీలు కావాలి. సెమీ ఆటో .22తో అంత వేడి పుట్టించాలంటే ముందు నీ జేబు కరుగుతుంది.

పాతతుపాకి
సరే, లోహం పక్కన పెడదాం. తూటా సరిగ్గా ఎక్కుతుందా? .22కి రిమ్, అంటే అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు, ఉంటుంది. పెద్ద మ్యాగజైన్ ఆకారం లోపల ఇరుకైన సందు పెట్టి, అందులో వరసగా రిమ్ తూటాలు నింపితే ఇరుక్కోకుండా ఉంటాయా? బోల్ట్ యాక్షన్‌కి ఈ తలనొప్పే లేదు.

రిమ్‌రావు
ఇరుక్కుంటాయి, నింపడం రానివాళ్లకి. పై తూటా రిమ్ కింది తూటా రిమ్‌కి ముందు వైపు ఉండాలి. వెనకపడిందా, బోల్ట్ ముందుకు తోసినప్పుడు కిందిదాన్ని పట్టుకుని ఆగిపోతుంది. చాలామంది మ్యాగజైన్ పక్కనున్న బుడిపెను అడుగుదాకా లాగేసి తూటాలు గుప్పెడుగా జారవిడుస్తారు. అక్కడే మొదలు. బుడిపెను ఒక్కో తూటా మందమే దించాలి. తూటా పెట్టి వెనక్కి నొక్కాలి, అప్పుడు ఇంకోటి.

తూటాల సంగతి: గుండు బరువు 40 గ్రెయిన్లు, రాగిపూత, సెకనుకి 1,200 అడుగులు దాటేవి. సబ్‌సోనిక్ (ధ్వనికంటే నెమ్మదివి) పెడితే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ గుల్ల అది బయటపడే తలుపులో నిలబడిపోతుంది. మొదటి రెండు మూడొందల రౌండ్లు వేగమైనవే వాడాలి, ఆ తర్వాత చవకవి ప్రయత్నించొచ్చు.

పేలకపోతే? రిమ్‌ఫైర్‌లో పేలుడు మందు రిమ్ లోపల చుట్టూ పాకి ఉంటుంది. ఒకచోట పలచగా ఉంటే పిన్ను కొట్టినా నిప్పు రాదు. మూతి లక్ష్యం వైపే పెట్టి 30 సెకన్లు ఆగు. తీసి సగం చుట్టు తిప్పి మళ్లీ పెట్టు. చాలావరకు పేలుతుంది.

పాతతుపాకి
ఖాళీ తుపాకి ట్రిగ్గర్ నొక్కితే చాంబర్ (తూటా కూర్చునే గది) అంచు చెడిపోతుందని ఎందుకు రాయలేదు?

రిమ్‌రావు
రాస్తున్నా. చాంబర్‌లో ఖాళీ గుల్ల కూడా లేనప్పుడు పిన్ను నేరుగా అంచుని తాకొచ్చు, అక్కడ చిన్న సొట్ట పడుతుంది. ఆ తర్వాత గుల్ల బయటికి రాదు. ఇది నీ ట్రైనర్‌కీ వర్తిస్తుంది, నకలుకే అంటగట్టకు.

దూరదర్శి
బ్రిటన్‌లో ఇవి ఎందుకంత ఆడతాయో గుర్తుంచుకోండి. 1988 చట్టం సెమీ ఆటో రైఫిళ్లని నిషేధించి, .22 రిమ్‌ఫైర్‌ని మాత్రం వదిలింది. అక్కడివాళ్లకి సెమీ ఆటో అంటే ఇదే.

పాతతుపాకి
ప్రతి థ్రెడ్‌లోనూ రావుది ఒకటే పాట: తుడువు, నట్టు బిగించు, రాగిపూత కొను. రైఫిల్ కొన్నవాడు రైఫిల్‌కి సేవకుడు కావాలా? సేల్స్‌మన్ కూడా ఇంత వెనకేసుకురాడు.

రిమ్‌రావు
జింక్ అన్నావు, జవాబిచ్చా. తూటాలు అన్నావు, జవాబిచ్చా. ఇప్పుడు నేను సేల్స్‌మన్‌నా? అసలు నీ బాధేంటో చెప్పు.

పాతతుపాకి
చెప్తా. నకలు అంటారు, దేనికి నకలు? అసలు ఎస్‌టీజీ గ్యాస్ పిస్టన్‌తో పనిచేస్తుంది, బోల్ట్ వెనక భాగం కిందికి వాలి తాళం పడుతుంది. తూటా 7.92×33 మి.మీ. ఇందులో పిస్టనూ లేదు, తాళమూ లేదు. అసలుదాని సైటు మీద 800 మీటర్ల దాకా అంకెలున్నాయి. .22 సైటుని 50 మీటర్లకి సున్నా చేస్తే (అక్కడ గురి సరిగ్గా పడేలా దిద్దితే) 100 దగ్గరే 15 నుంచి 18 సెంటీమీటర్లు పడిపోతుంది. పైన చొక్కా సైనికుడిది, లోపల ఆటబొమ్మ. లీ-ఎన్‌ఫీల్డ్ నం. 2 మార్క్ 4 చూడు. సైనిక రైఫిల్ శరీరమే. అదే బరువు, అదే బోల్ట్ పట్టు, బ్యారెల్ మాత్రం .22ది, అంతే తేడా. అది పనిని నకలు చేసింది. ఇది బొమ్మని నకలు చేసింది.

రిమ్‌రావు
హమ్మయ్య, ఇన్ని పోస్టులకి అసలు మాట వచ్చింది. మరి నీ నం. 2లో మ్యాగజైన్ ఏది? లోపలి సామాను తీసేశారు, ఖాళీ గుల్లలు పడే డబ్బా అయింది. నం. 8 కూడా ఒక్కో తూటా చేత్తో పెట్టేదే. పది రౌండ్ల వేగం లేని లీ-ఎన్‌ఫీల్డ్ ఏ పనికి నకలు? నీకు కావలసింది గురి, దాన్ని చరిత్ర అంటున్నావు. ఇతనికి నాలుగున్నర కిలోలు భుజానికి ఆనాలి, ఎడమ చేత్తో కాకింగ్ లివర్ లాగాలి, వంకర మ్యాగజైన్ మార్చాలి. అదీ పనే.

పాతతుపాకి
మ్యాగజైన్ సంగతి ఒప్పుకుంటా. మిగతాది కాదు.

కొత్తచేయి, ట్రైనర్ చూడ్డానికి వెళ్తే బోల్ట్ తీసి బ్యారెల్‌లోకి లైటు వేసి చూడు. లోపల ఎక్కడైనా నల్లటి ఉంగరం లాంటి నీడ కనిపిస్తే, అడ్డం ఉండగా ఎవరో కాల్చారు, బ్యారెల్ అక్కడ ఉబ్బింది. వదిలెయ్. మూతి అంచు ఒకవైపే అరిగి ఉంటే శుభ్రం చేసే కడ్డీ రాసుకుంది. .22 బ్యారెళ్లని తూటాలకంటే కడ్డీలే ఎక్కువ చంపాయి. ఎప్పుడూ చాంబర్ వైపు నుంచే దూర్చాలి.

సున్నాగురి
రెండూ కొనుక్కో, గొడవ వదిలిపోతుంది.

కొత్తచేయి
25 మీటర్లలో మ్యాగజైన్లు మార్చుకుంటూ కాల్చడమే నాకు కావలసింది. ఎస్‌టీజీయే తీసుకుంటున్నా. ఆ బ్యారెల్ నట్టు ఎంత బిగించాలి?

పాతతుపాకి
మాన్యువల్ చెప్పినంతే. పానాతో బలం చూపించావంటే, జింక్ చుట్ల గురించి నువ్వే ఇక్కడ కొత్త థ్రెడ్ తెరుస్తావు.