చరిత్రకారుణ్ణి వీసీ చేస్తే ఎవరికి నష్టం? ముషీరుల్ హసన్ విషయంలో మీరేమంటారు?

పురాలేఖ:
మంచి చరిత్రకారుణ్ణి వీసీ కుర్చీలో కూర్చోబెడితే విశ్వవిద్యాలయానికి ఒక పాలకుడు దొరుకుతాడేమో గానీ, చరిత్రకు ఒక మనిషి తగ్గిపోతాడు. ముషీరుల్ హసన్ గారినే చూడండి. కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ. జాతీయోద్యమ కాలపు మతరాజకీయాల మీద ముప్పై ఏళ్ల వయసుకే పుస్తకం. 2004 నుంచి 2009 దాకా ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియాకు వీసీ. ఆ వెంటనే 2010లో, ప్రభుత్వ పాత రికార్డులను భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌కు డైరెక్టర్ జనరల్, 2013 వరకూ. 2014లో రోడ్డు ప్రమాదం, 2018 డిసెంబరులో మరణం. యాభై అయిదు దాటాక చరిత్రకారుడి చదువు పండుతుంది. ఆయనకు ఆ వయసంతా ఫైళ్ల మీద సంతకాలకే పోయింది. నాకు ఇది బాధగా ఉంది.

కలంకారి:
పురాలేఖ గారూ, మీరు 2004 నుంచి మొదలుపెట్టారు. 1992 నుంచి చూడాలి. అప్పుడాయన జామియాలోనే ప్రో వీసీ. ముస్లింల మనసు నొప్పించిందని మన దేశంలో నిషేధించిన సల్మాన్ రష్దీ నవల ‘ది సటానిక్ వర్సెస్’ మీద ఆ నిషేధం ఎత్తేయాలని ఒక పత్రిక ఇంటర్వ్యూలో అన్నారు. క్యాంపస్ భగ్గుమంది, రాజీనామా చేయమన్నారు. నెలల తరబడి అక్కడ అడుగు పెట్టలేకపోయారు. డిసెంబరులో తిరిగి వెళ్తే కొట్టారు, గాయపడ్డారు. ఇంకొకరైతే ఆ ఊసే ఎత్తకుండా వేరే చోటికి బదిలీ చూసుకునేవారు. ఈయన అక్కడే పాఠాలు చెప్పుకుంటూ ఉండి, స్వాతంత్ర్యం తర్వాతి భారత ముస్లింల మీద పెద్ద పుస్తకం రాశారు, 1997లో. తనను కొట్టిన వాతావరణం ఎక్కణ్ణుంచి వచ్చిందో చరిత్రలోనే వెతికారని నాకనిపిస్తుంది. ఆ దాడి జరిగిన పన్నెండేళ్లకు అదే విశ్వవిద్యాలయానికి అధిపతిగా వచ్చారు. పదవి ఆయన చదువును మింగేసిందంటే నేను ఒప్పుకోను.

వీధి అరుగు:
ధైర్యం సంగతి సరే, 2008 మాటేమిటి? సెప్టెంబరులో జామియా దగ్గరి బాట్లా హౌస్‌లో, ఢిల్లీ పేలుళ్ల అనుమానితులతో పోలీసుల ఎన్‌కౌంటర్ జరిగింది. ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ ప్రాణం పోయింది. అరెస్టయిన వాళ్లలో జామియా విద్యార్థులున్నారు. విశ్వవిద్యాలయమే వాళ్లకు న్యాయసహాయం చేస్తుందని వీసీ హోదాలో ప్రకటించారు. కేసు కోర్టుకు ఇంకా పోలేదు. వ్యక్తిగా లాయరును పెట్టించి ఉంటే ఎవరూ కాదనరు. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ పేరు మీద ఆ మాట ఎందుకు? చరిత్రకారుడికి పక్షం ఉండొచ్చు, వీసీకి ఉండకూడదు.

కలంకారి:
అది పక్షం తీసుకోవడం ఎలా అవుతుందండీ? వాళ్లు నిర్దోషులని ఆయన అనలేదు. నేరం రుజువయ్యేదాకా నిందితుడికి వకీలు ఉండాలన్నారు. అది రాజ్యాంగంలోని 22వ అధికరణం ఇచ్చిన హక్కే. ఆ రోజుల్లో టీవీల్లో మొత్తం విశ్వవిద్యాలయాన్నే ముద్దాయిని చేసి చూపించారు. వేలమంది పిల్లలు హాస్టళ్లలో భయంతో ఉంటే వాళ్ల వీసీ మౌనంగా ఉండాలా? సహాయ నిరాకరణ ఉద్యమంలో, 1920లో, ప్రభుత్వ సాయం వద్దనుకున్నవాళ్లు అలీగఢ్‌లో పెట్టిన సంస్థ అది. ఆ చరిత్ర తెలిసిన మనిషి కాబట్టే నోరు విప్పగలిగారు.

వీధి అరుగు:
హక్కును నేను కాదనడం లేదు. ఆ పని లీగల్ ఎయిడ్ వాళ్లది. రేపు ఇంకో వీసీ ఇంకో రంగు కేసులో ఇదే చేస్తే మీరు ఇలాగే మెచ్చుకుంటారా?

కలంకారి:
మెచ్చుకుంటాను. ఏ రంగైనా సరే.

పాత అచ్చు:
మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తాను. మన దేశంలో దీనికి పాత ఉదాహరణలున్నాయి. జదునాథ్ సర్కార్ ఔరంగజేబు మీద అయిదు సంపుటాలు 1924కల్లా ముగించి, 1926లో కలకత్తా వీసీ అయ్యారు. రెండేళ్లకే దిగిపోయారు. మొఘల్ సామ్రాజ్య పతనం మీద నాలుగు సంపుటాలు ఆ తర్వాతివే, 1932 నుంచి 1950 దాకా. పదవిని రెండు పెద్ద పనుల మధ్య ఇరికించి బయటపడ్డారన్నమాట. రమేశ్ చంద్ర మజుందార్ది వేరే దారి. 1937 నుంచి 1942 దాకా ఢాకా వీసీ. ఆ విశ్వవిద్యాలయం వేసిన బెంగాల్ చరిత్రకు మొదటి సంపుటం ఆయన సంపాదకత్వంలోనే 1943లో వచ్చింది. రెండోది 1948లో జదునాథ్ తెచ్చారు. ఒక్కడు చేయలేని పనికి సంస్థ బలం తోడైతే ఏమవుతుందో అది చూపిస్తుంది. జామియాలో ప్రేమ్‌చంద్ పేరిట అభిలేఖాగారం వచ్చింది కూడా ముషీరుల్ హసన్ హయాంలోనే. లేఖలు, పాత ప్రతులు ఒకచోట చేర్చి కాపాడాలన్న తపన చరిత్రకారుడికి ఉన్నట్టు ఇంకెవరికుంటుంది?

పురాలేఖ:
పాత అచ్చు గారూ, జదునాథ్ ఉదాహరణ నా వాదనకే బలం. త్వరగా దిగారు కాబట్టే రాయగలిగారు. ముషీరుల్ హసన్ వీసీగా ఉంటూనే 2007లో అవధ్ పంచ్ అనే ఉర్దూ హాస్యపత్రిక మీద పుస్తకం తెచ్చారు, నిజమే, చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ ముప్పై ఏళ్ల వయసులో రాసిన ఆ 1979 నాటి పుస్తకం పక్కన పెట్టి చూడండి. రికార్డుల గదుల్లో ఏళ్లు గడిపిన శ్రమ ఆ పాత పుస్తకంలో ప్రతి పేజీలో తెలుస్తుంది. నేననేది ఒక్కటే: చరిత్రకారుడికి ఒక్క టర్ము చాలు, అది అయ్యాక మరో పదవి ఇవ్వకుండా నాలుగేళ్లు జీతంతో సెలవిచ్చి రాసుకోమనాలి.

కలంకారి:
సెలవు సంగతి ఒప్పుకుంటాను. నేషనల్ ఆర్కైవ్స్ మాత్రం వదులుకోమనకండి. అక్కడ చరిత్రకారుడు కాక ఇంకెవరు కూర్చోవాలి?