అదే కాలు, ముగ్గురం మూడు అంకెలు: రిఫ్లెక్స్‌కు మీటరు లేదా?

కర్నూలు_ఫిజియో: అన్నా, అక్కా, ఒక డౌటు. కర్నూల్లో ఫిజియోథెరపీ ఇంటర్న్‌షిప్ చేస్తున్నా. నిన్న ఆదోని వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, పదిహేనేళ్లుగా షుగరు, అరికాళ్లు తిమ్మిర్లు. రిఫ్లెక్స్ (దెబ్బకు కండరం దానంతటదే బిగిసే జవాబు) చూద్దామని మడమ పైన స్నాయువు (టెండన్) మీద సుత్తితో కొడితే పాదం కొంచెం కదిలింది, 1+ రాశా. మా సీనియర్ అక్క అదే కాలికి కొట్టి 0 రాసింది. పొద్దున చూసినవాళ్లేమో 2+ అని రాసిపెట్టారు. బీపీకి మిషనుంది, షుగరుకు మీటరుంది, దీనికి మాత్రం కంటితో చూసి మార్కులేయడమేనా? పైగా మేం 0 నుంచి 4 వరకు వేస్తాం (0 అంటే అసలు రాలేదని, 2 అంటే నార్మల్), అమెరికాలోని మేయో క్లినిక్ పద్ధతిలో మైనస్ 4 నుంచి ప్లస్ 4, అక్కడ 0 అంటే నార్మల్! ఫైలు ఊరు మారితే ఏం కావాలి?

న్యూరో_పీజీ: ఉంది. హెచ్ రిఫ్లెక్స్ అని, మోకాలి వెనక నరానికి చిన్న కరెంటు ఇచ్చి, పిక్క కండరంలో జవాబు ఎంతసేపటికి వచ్చిందో చూస్తారు. మామూలుగా 30 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, పొడుగువాళ్లకు ఇంకాస్త ఎక్కువ. కానీ ఇది సుత్తి దెబ్బకు అచ్చంగా సమానం కాదు, కరెంటు నేరుగా నరానికే తగులుతుంది కాబట్టి కండరంలో సాగుడును పసిగట్టే భాగానికి పరీక్షే జరగదు.

అనంతపురం_సర్క్యూట్: మా ప్రాజెక్టు ఇదే సామీ. సుత్తికి ఫోర్స్ సెన్సర్ పెట్టాం, పాదానికి యాక్సిలరోమీటర్ (కదలికను పట్టే సెన్సర్) కట్టాం. మొదటిరోజే గ్రాఫు లేచింది, అందరం ఎగిరి గంతేశాం. తీరా చూస్తే సుత్తి తగిలిన క్షణానే లేచింది! వెన్నుపాము దాకా పోయి తిరిగి రావడానికి టైం పట్టాలి కదా, అంటే మేం కొలిచింది దెబ్బకు పాదం ఊగడాన్ని. తర్వాత పిక్క మీద ఈఎంజీ పట్టీలు (కండరంలో పుట్టే కరెంటును పట్టేవి) అంటిస్తే గానీ అసలుది బయటపడలేదు. ఇంకోటి, ఒకే మనిషి వరసగా కొట్టినా రెండు దెబ్బలు ఒక్క బలంతో పడవు.

కడప_పాత_డాక్టర్: అబ్బీ, ఆ పిల్లోడు చెప్పిందే నీ కేసులోనూ జరిగి ఉంటుంది. పాదం చూడకు, పిక్క మీద చెయ్యి పెట్టి చూడు, బిగిసిందా లేదా అని. ఆయన్ను కుర్చీ మీద మోకాళ్లపై నిలబెట్టి, పాదాలు అంచు బయట వేలాడనిచ్చి కొట్టు. రాకపోతే రెండు చేతుల వేళ్లు కొక్కేల్లా పెనవేసి గట్టిగా లాగమను, అదే క్షణంలో కొట్టాలి, తర్వాత కాదు. జెండ్రాసిక్ అనే హంగేరీ డాక్టరు 1885లోనే చెప్పిన కిటుకు ఇది. అన్నట్టు, థైరాయిడ్ తగ్గినవాళ్లలో పాదం లేచి నిదానంగా దిగుతుంది. రక్తపరీక్షలు సరిగా లేని కాలంలో ఆ దిగే టైమును యంత్రంతో కొలిచి జబ్బు పట్టేవాళ్లు. షుగరు, వయసు కూడా దాన్ని మార్చేస్తాయని తేలి మూలన పడేశారు.

కర్నూలు_ఫిజియో: ఈ రోజు మళ్లీ చూశా. కుర్చీ మీద మోకాళ్లు వేయిస్తే పెద్దాయన 'ఏం తప్పు చేసినానప్పా' అని నవ్వాడు. వేళ్లు లాగించి కొట్టినా రెండు పిక్కలూ కదల్లేదు. అక్క రాసిన 0యే కరెక్టు. నా 1+ కొట్టేసి, పక్కన 'చేతులు లాగించినా రాలేదు, రెండు వైపులా' అని రాశా.