ఒత్తిడి ఎక్కువున్న వాళ్ల పేర్లు కంపెనీ అడుగుతోంది, ఇవ్వాలా? ప్రాజెక్టు చేసినవాళ్లు చెప్పండి

కరకంబాడి రోడ్డు
తిరుపతిలో ఎం.ఎస్సీ. సైకాలజీ రెండో ఏడు చదువుతున్నాను. ప్రాజెక్టు ఉద్యోగ ఒత్తిడి మీద. శ్రీవాస్తవ, సింగ్ 1981లో తయారుచేసిన 46 వాక్యాల ప్రశ్నావళి తీసుకున్నాను. రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీ చుట్టూ మూడు నెలలు తిరిగితే పర్మిషన్ ఇచ్చారు. 40 మంది నింపేశాక హెచ్.ఆర్. సార్ పిలిచి, "స్ట్రెస్ ఎక్కువున్న వాళ్ల పేర్లు మాకివ్వమ్మా, వాళ్ల మంచికే" అన్నారు. పేరు బయటికి రాదని ఆ 40 మందికి మాటిచ్చింది నేనే. ఇవ్వనంటే పర్మిషన్ పోతుంది. రెండు రోజులుగా నిద్ర లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా?

పలమనేరు అన్న
ఇవ్వొద్దు చెల్లెమ్మా. నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో చేశాను. తోతాపురి సీజన్, క్షణం తీరిక ఉండదు. సూపర్‌వైజర్ పక్కనే నిలబడి 60 మంది ఆడవాళ్ల చేత నింపించాడు. ఇంటికొచ్చి చూస్తే అందరికీ అన్నీ బాగున్నాయి! మర్నాడు గేటు బయట ఒకామె చెప్పింది: "సారు చదువుతాడని అట్ల పెట్టినాము నాయనా. రాత్రి చేతులు మంట, పిల్లోళ్లకు ముద్ద కలపలేను." ఆ 60 కాగితాలూ పక్కన పడేశాను. పేరు గడి తీసేసి, షిఫ్టు దిగాక చింతచెట్టు కింద కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. నెల రోజులు ఆలస్యమైంది. అయినా నా థీసిస్‌లో పనికొచ్చింది ఆ రెండో విడతే.

వార్డు సిస్టర్
నేను విద్యార్థిని కాదు, మీలాంటి ఒక అమ్మాయికి జవాబులిచ్చినదాన్ని. "పనికి రావాలంటేనే భయంగా ఉంది" అన్నచోట నిజం రాశాను. పది రోజుల్లో మా పైవాళ్లకు తెలిసిపోయింది. "ఈమెకు మనసు బాగాలేదంట" అని అందరి ముందూ అన్నారు, ఐ.సి.యు. నుంచి తీసేశారు. ఆ అమ్మాయి చెడ్డది కాదు, అడిగితే ఇచ్చేసిందంతే. ఇప్పుడు ఎవరు ఫారం తెచ్చినా "ఎన్నడూ లేదు" అనే రాస్తాను. దయచేసి ఇవ్వకమ్మా.

శ్రీకాళహస్తి
మాట మధ్యలో వస్తున్నాను, భాష సంగతి కూడా చూసుకోండి. "భావోద్వేగ అలసట" అంటే మా వాళ్లు నా ముఖం చూశారు. "పని తలుచుకుంటేనే ఓపిక పోతాందా?" అంటే వెంటనే చెప్పారు. నా అనువాదాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి మూలంతో సరిపోల్చాను. ఐదు మెట్ల స్కేలు రాని వాళ్ల ముందు ఐదు చింతపిక్కలు పెట్టి, ఎంత ఎక్కువైతే అన్ని జరపమన్నాను. బాగా పనిచేసింది. ఇంకోటి, బర్నౌట్‌ను, అంటే పని వల్ల పూర్తిగా అలసిపోవడాన్ని కొలిచే మాస్లాక్ ప్రశ్నావళి డబ్బు కట్టి కొనాలి. అదే కొలిచే, 2005లో వచ్చిన కోపెన్‌హాగన్‌ది 19 ప్రశ్నలే, ఉచితం.

రిటైర్డ్ లెక్చరర్
అమ్మా, సార్‌తో గొడవ పడకు. ఆయనకు కావలసింది వేరే రూపంలో ఇవ్వు. ఆ స్కోరు రోగ నిర్ధారణ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నౌట్‌ను జబ్బుగా కాకుండా, పనికి సంబంధించిన స్థితిగానే తన జబ్బుల వర్గీకరణ ఐ.సి.డి.-11లో చేర్చింది. పని భారం ఎక్కువై, తన పని మీద తనకు పట్టు తక్కువైన చోట ఒత్తిడి పెరుగుతుందని కరాసెక్ అనే పరిశోధకుడు 1979లోనే చెప్పాడు. అంటే సరిచేయాల్సింది షిఫ్టులు, టార్గెట్లు. పేర్లతో ఆయనకేం పని? సెక్షన్ల వారీ సగటు ఇస్తానను. పది మందికి తక్కువున్న సెక్షన్‌ను విడిగా చూపించకు, ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. పేర్ల కాగితం, కోడ్ నంబర్ల కాగితం వేరు చేసి, పేర్లది మీ గైడ్ బీరువాలో పెట్టించు. ఇదంతా డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద గైడ్ సంతకంతో వెళ్లాలి, నీ నోటి మాటగా కాదు. నిజంగా బాధలో ఉన్నవాళ్ల కోసం ప్రతి ఫారం వెనుక ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 అచ్చు వేయించు.

కరకంబాడి రోడ్డు
అందరికీ దండాలు. సిస్టర్ అక్కా, మీ మాట చదివి ఏడుపొచ్చింది. నిన్న గైడ్ మేడమ్ లెటర్ తీసుకుని వెళ్లాను. సార్ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "సెక్షన్ల వారీగానే ఇవ్వు, నైట్ షిఫ్టు విడిగా చూపించు" అన్నారు. సాయంత్రం బస్సు దగ్గర ఆ 40 మందిలో దొరికిన వాళ్లందరికీ సంగతి చెప్పాను. ఇద్దరు తమ కాగితాలు వెనక్కి అడిగారు, ఇచ్చేశాను. ఒక సందేహం: ప్యాకింగ్‌లో ఏడుగురే ఉన్నారు. పక్క సెక్షన్‌తో కలపవచ్చా?

రిటైర్డ్ లెక్చరర్
కలుపు. రెండింటికీ పని తీరు ఒకటేనా అని మాత్రం ముందు వెళ్లి చూసి రా.