మిద్దె మీది పాలీహౌస్‌లో టమాటా: పూత ఎందుకు నిలవడం లేదు?

బోడుప్పల్ మిద్దె

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్. మిద్దె మీద ఇనుప గొట్టాలతో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల చిన్న పాలీహౌస్ కట్టించుకున్నాము. పైకప్పుకు 200 మైక్రాన్ల యూవీ పాలిథిన్, నాలుగు పక్కలా 40 మెష్ (అంగుళానికి 40 కళ్ళుండే) కీటక నిరోధక వల ఉన్నాయి. అక్టోబరులో నాటిన మొక్కలు సంక్రాంతి దాటేదాకా చక్కగా కాశాయి. ఫిబ్రవరి నెలాఖరు నుంచి మాత్రం మొక్కలు ఏపుగా పెరుగుతూ గుత్తులు గుత్తులుగా పూస్తున్నా, పూవు తొడిమ దగ్గర పసుపుబారి రాలిపోతోంది. నిలిచిన కొద్దిపాటి కాయలు కూడా ఎర్రబడకుండా నారింజ రంగు దగ్గరే ఆగిపోతున్నాయి. మధ్యాహ్నం బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు లోపలి థర్మామీటరు 41 చూపిస్తోంది.

పాలీహౌస్ కట్టిన మనిషి పక్కలకు కూడా పాలిథిన్ వేస్తే దిగుబడి పెరుగుతుందంటున్నారు. తెలిసినవారిలో ఒకరు పొటాష్ వేయమని, మరొకరు బోరాన్ పిచికారీ చేయమని చెబుతున్నారు. సొంతంగా పండించి చూసినవారు ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో తెలియజేయగలరు.

కర్నూలు ఎండ

పక్కలకు పాలిథిన్ మాత్రం వేయించకండి. చలి దేశాల్లో పాలీహౌస్ వేడిని పట్టి ఉంచడానికి కడతారు. మనకు వేడి కావలసినంత ఉంది, కాబట్టి మన పైకప్పు చేయవలసిన పని వాన తగలకుండా చూడటం, వల చేయవలసిన పని పురుగును ఆపడం, అంతే.

టమోటా పిందె పట్టడానికి పగటి వేడి ఎంత ముఖ్యమో రాత్రి వేడి అంతకన్నా ముఖ్యం. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నంత కాలం పూత బాగా నిలుస్తుంది. పగలు 35 దాటుతూ, రాత్రి కూడా 24కు తగ్గని రోజులు వరుసగా వస్తే పుప్పొడి సత్తువ కోల్పోతుంది, ఫలదీకరణ జరగని పూవును మొక్క తానే వదిలించుకుంటుంది. దీనిని తెగులు అనుకొని మందులు కొట్టడం వృథా. పొటాష్, బోరాన్ కూడా మట్టిలో వాటి లోపం ఉన్నప్పుడే ఉపయోగపడతాయి; సంక్రాంతి దాకా అదే మట్టిలో కాసిన మొక్కకు ఒక్క నెలలో రెండూ లోపించాయని నేను నమ్మలేను.

రంగు సంగతి కూడా వేడి వల్లనే. పండుకు ఎరుపునిచ్చే లైకోపిన్ 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారుకాదు, పసుపునిచ్చే కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది. అందుచేత కాయ దోరగా మారగానే కోసి, ఇంట్లో చల్లని చోట, ఎండ తగలకుండా పరచండి, ఎర్రబడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఆ మార్పు ఆగిపోతుంది.

కట్టడంలో మార్చవలసింది పైభాగం. వేడిగాలి పైకి లేస్తుంది కనుక, కప్పు నడినెత్తిన పొడవునా తెరిచి ఉండే సందు లేకపోతే ఆ గాలి పాలిథిన్ కిందనే నిలిచిపోతుంది. గాలి ఆడటానికి వదిలే ఖాళీలన్నీ కలిపి నేల వైశాల్యంలో ఐదో వంతుకు తగ్గకుండా ఉంటే మంచిది. 40 మెష్ వల గుండా గాలి చాలా నెమ్మదిగా కదులుతుందని కూడా లెక్కలోకి తీసుకోండి. మేము మార్చి మొదట్లోనే పాలిథిన్‌కు ఒక అడుగు పైన, దానిని తాకకుండా, 35 శాతం ఎండను ఆపే షేడ్‌నెట్ కడతాము. మధ్యాహ్నం గచ్చు మీద నీళ్ళు చల్లుతాము. మా వైపు వేసవి గాలి పొడిగా ఉంటుంది కనుక నీరు త్వరగా ఆవిరై లోపలి వేడిని కొంత తగ్గిస్తుంది.

పచ్చని పందిరి, ఖమ్మం

షేడ్‌నెట్ 35 శాతం సరిపోదని నా అభిప్రాయం. మా ఇంట్లో 75 శాతం ఆకుపచ్చ వల వేశాక మొక్కలు వాడిపోవడం పూర్తిగా తగ్గింది, ఆకులు కూడా పెద్దవయ్యాయి.

కర్నూలు ఎండ

ఖమ్మం వారు చెప్పిన పెద్ద ఆకులే అసలు చిక్కును చూపిస్తున్నాయి. 75 శాతం వల అంటే నాలుగు వంతుల వెలుతురులో మూడు వంతులు ఆపేసినట్లు. టమోటా ఎండను కోరుకునే మొక్క. వెలుతురు చాలకపోతే ఆకులు వెడల్పై, కణుపుల మధ్య దూరం పెరిగి, కాయకు అందవలసిన పిండిపదార్థం తయారుకాక మళ్ళీ పూతే రాలుతుంది. తమలపాకు వంటి నీడ కోరే మొక్కలకు 75 శాతం వల బాగుంటుంది. మీ మొక్కలు ఎన్ని కాయలు కాశాయో కూడా చెబితే అందరికీ ఉపయోగం.

గాజుటిల్లు, లెస్టర్

మేము ఇంగ్లండ్‌లో ఉంటున్నాము. పెరట్లో ఒక చిన్న గాజు గ్రీన్‌హౌస్ ఉంది. ఇక్కడ మే నెల సగం దాటేదాకా రాత్రిపూట మంచు పడే భయం ఉంటుంది కనుక, మార్చిలో ఇంట్లో కిటికీ దగ్గర పోసిన నారును వేడి ఏర్పాటు లేని గ్రీన్‌హౌస్‌లోకి మే మొదటి వారాలలో మారుస్తాము. ఇంత చలి దేశంలో కూడా జులైలో ఎండ కాసిన రోజున తలుపులు మూసి ఉంచితే లోపల 40 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అందుకని ఇక్కడివారు వేసవిలో గాజుకు తెల్లని పూత పూస్తారు, ఉదయాన్నే లోపలి నేలను తడుపుతారు, పైకప్పు కిటికీలకు మైనం నింపిన గొట్టాలను అమర్చుకుంటారు. వేడికి మైనం వ్యాకోచించి కిటికీని తానే తెరుస్తుంది, చల్లబడితే మూసుకుంటుంది. కరెంటు అవసరం లేదు. బోడుప్పల్ వారు పైన సందు పెట్టించుకునే పక్షంలో ఇటువంటిది దొరుకుతుందేమో విచారించవచ్చు, అయితే హైదరాబాద్ వేసవిలో ఆ కిటికీ మూసుకునే సందర్భం వస్తుందా అన్నది వేరే మాట.

ఇక్కడ గ్రీన్‌హౌస్ వల్ల కలిగే మేలు వెచ్చదనం ఒక్కటే కాదు. బయట నాటిన టమాటాలు ఆగస్టు వానలకు తడిసి, లేట్ బ్లైట్ అనే ఆకులను, కాయలను కుళ్ళబెట్టే తెగులు సోకి, వారం తిరగకుండా నల్లబడి పోతుంటాయి. లోపలి మొక్కల ఆకులు పొడిగా ఉండటంతో చాలావరకు తప్పించుకుంటాయి. మన ఊళ్ళలో జులై నుంచి సెప్టెంబరు దాకా పాలిథిన్ కప్పు చేసే మేలు కూడా ఇదే అనుకుంటున్నాను.

బోడుప్పల్ మిద్దె

కర్నూలు వారికి, లెస్టర్ వారికి కృతజ్ఞతలు. పక్కల పాలిథిన్ ఆలోచన మానుకున్నాము. ఒక అనుమానం మిగిలింది. నాలుగు పక్కలా వల ఉంది కనుక తేనెటీగలు లోపలికి రావు. పూత రాలడానికి అది కూడా కారణమవుతుందా? అలాగైతే డిసెంబరులో అన్ని కాయలు ఎలా కాశాయి?

సాగరతీరం, విశాఖ

నేను వృక్షశాస్త్రం బోధిస్తాను, మిద్దె మీద టమాటాలూ పెంచుతాను, కాబట్టి ఈ ప్రశ్నకు కొంత వివరంగా జవాబు చెప్పాలనిపించింది. టమాటా పూవులో మగ, ఆడ భాగాలు రెండూ ఉంటాయి. మగ భాగాలైన కేసరాలు అన్నీ కలిసి పసుపుపచ్చని గొట్టంలా, ఆడ భాగంలోని సన్నని కాడ అయిన కీలాన్ని చుట్టుకొని ఉంటాయి, పుప్పొడి ఆ గొట్టం లోపలి వైపుకు రాలుతుంది. కాబట్టి ఒక పూవు నుంచి మరొక పూవుకు పుప్పొడిని మోసుకుపోయే ఈగ అవసరం లేదు, పూవు కదిలితే చాలు. ఆరుబయట గాలే ఆ పని చేస్తుంది. తేనెటీగ పూవు మీద వాలినా ప్రయోజనం తక్కువ, ఎందుకంటే పూవును పట్టుకొని ఒళ్ళంతా అదరగొట్టి పుప్పొడిని రాల్చే విద్య దానికి లేదు. తుమ్మెదకు ఉంది. ఐరోపాలోని వాణిజ్య గ్రీన్‌హౌస్‌లలో 1980ల చివరి దాకా మనుషులే కంపించే పరికరంతో గుత్తులను తాకుతూ తిరిగేవారు, ఆ తరువాత ఆ పనికి బంబుల్ బీ (తుమ్మెద వంటి ఈగ) పెట్టెలు వచ్చాయి.

మీ పాలీహౌస్‌లో చేయవలసింది చిన్న పని. ఉదయం తొమ్మిది, పదకొండు గంటల మధ్య, మొక్కలకు ఊతంగా కట్టిన పురికొసను వేలితో తడుతూ ఒకసారి లోపల తిరగండి. పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఉంటే దాని వెనుక భాగాన్ని గుత్తి కాడకు క్షణంసేపు ఆనించవచ్చు. తెల్లవారుజామున చేయకండి, అప్పుడు తేమకు పుప్పొడి ఉండకట్టి రాలదు. మిట్టమధ్యాహ్నం గాలి మరీ పొడిబారితే కీలాగ్రం (కీలం కొన) ఆరిపోయి పుప్పొడి అంటుకోదు. డిసెంబరులో మీకు కాయలు పట్టడానికి కారణం, పుప్పొడి బలంగా ఉండటం వల్ల వల దాటి వచ్చిన కాస్త గాలి కదలికే సరిపోయి ఉంటుంది. వేడికి చచ్చిన పుప్పొడిని ఎంత తట్టినా ఫలితం ఉండదని మాత్రం గుర్తుంచుకోండి.

గచ్చు తడిపే ఉపాయం మా విశాఖలో పారదు. సముద్రపు గాలిలో అసలే తేమ ఎక్కువ, దానికి తోడు నీళ్ళు చల్లితే చల్లదనం రాకపోగా ఆకుల అడుగున ఆలివ్ రంగు బూజు మొదలవుతుంది. కోస్తాలో ఉన్నవారు నేల నుంచి ఒకటిన్నర అడుగు ఎత్తు వరకు కింది ఆకులు తీసేసి, పక్క కొమ్మలను వారానికొకసారి గిల్లేసి, మొక్కల మధ్య గాలి ఆడేలా చూసుకోవడమే మేలు.

మదనపల్లె రైతుబిడ్డ

మా ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల రాత్రులు చల్లబడతాయి, అందుకే వేసవిలో కూడా మా పొలాల్లో టమోటా కాస్తుంది. అదే విత్తనం, అదే ఎరువు హైదరాబాద్ మిద్దె మీద ఏప్రిల్‌లో ఫలితం ఇవ్వకపోతే అది పెంచినవారి లోపం కాదు. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటినప్పుడు పట్నాల్లో చాలామంది మిద్దెల మీద పందిళ్ళు కట్టించారు. వారి మొక్కలు కాపుకొచ్చే వేళకు మా మార్కెట్లో కొనేవాడు లేక రైతులు కాయను పారబోసుకున్నారు. లాభనష్టాల లెక్కతో ఈ పని చేయవద్దని చెప్పడానికే ఈ మాట.

విత్తనం గురించి ఎవరూ ప్రస్తావించలేదు. పొట్టిగా, గుబురుగా పెరిగి ఒక్కసారే కాసి ఆగిపోయే రకాలను పాలీహౌస్‌లో వేస్తే పైనున్న ఎత్తంతా వృథా అవుతుంది. తీగలా పెరుగుతూ నెలల తరబడి కాసే రకాలను ఎంచుకొని ఒకే కాండం ఉంచి పురికొసకు చుట్టుకుంటూ పోవాలి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క రక్షక్ ఆకుముడత, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది. అది సంకరజాతి కనుక దాని కాయల నుంచి తీసిన విత్తనం అదే గుణాలు ఇవ్వదు. చెర్రీ టమోటాలు పెద్ద కాయల రకాల కన్నా కొంత ఎక్కువ వేడిలో కూడా పిందె పడతాయి.

ఆకుముడతను తెచ్చేది తెల్లదోమ. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు, పీకేయడమే. లేత మొక్కకు సోకితే కాపే ఉండదు కనుక, నాటేదాకా 25 నుంచి 30 రోజులు నారును వల కిందనే ఉంచాలి. తలుపు తీసినప్పుడల్లా దోమ లోపలికి వస్తుంది కాబట్టి వీలుంటే తలుపు లోపల మరొక వల తెర కట్టుకోండి, పసుపు జిగురు అట్టలు వేలాడదీయండి.

కాయ అడుగు నల్లబడి కుంగిపోతే అది కూడా తెగులు కాదు, కాయకు సున్నం అందకపోవడం. మట్టిలో సున్నం ఉన్నా, నీటితో పాటే అది పైకి ప్రయాణిస్తుంది కాబట్టి, ఒకరోజు మొక్క వాడిపోయేలా ఎండబెట్టి మరుసటి రోజు కుండీ నిండా పోస్తే కాయ చివరికి చేరదు. కోడిగుడ్డు పెంకులు వేసి అంతా సర్దుకుంటుందని కూర్చోవద్దు, అవి కరగడానికి చాలా కాలం పడుతుంది. డ్రిప్ పెట్టి రోజూ కొద్దికొద్దిగా రెండు పూటలా ఇవ్వడం, యూరియా తగ్గించడం ముఖ్యం. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులో 20 లీటర్లకు కాస్త పైగా మట్టి పడుతుంది, తీగ టమోటాకు అంతకన్నా తక్కువైతే వేసవి ముందరి ఎండకు సాయంత్రానికే ఆరిపోతుంది.

అడవి అంచు, ఆదిలాబాద్

మా దగ్గర లెక్క వేరు. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రాత్రులు 10 డిగ్రీల కన్నా తక్కువకు పడిపోతుంది, అప్పుడు చలికి కూడా పిందె పట్టదు. ఆ రెండు నెలలు మాత్రం సాయంత్రం పక్కలకు పాలిథిన్ దించి ఉదయం ఎనిమిదింటికి చుట్టి పైకి కడతాము. లోపల నల్లరంగు వేసిన నీళ్ళ డ్రమ్ములు ఉంచితే పగటి వేడిని పట్టుకొని రాత్రి నెమ్మదిగా వదులుతాయి. దీనివల్ల పెరిగేది రెండు మూడు డిగ్రీలే.

బోడుప్పల్ మిద్దె

అందరికీ ధన్యవాదాలు. కప్పు నడిమిన సందు పెట్టించడానికి మాట్లాడాము, దానికి కూడా వల వేయిస్తున్నాము. ఇక ఈ పాత మొక్కలను ఏం చేయమంటారు? కొమ్మలు కత్తిరించి వేసవి దాటించి మళ్ళీ చిగురింపజేయవచ్చని ఒకరు చెప్పారు. మట్టిని కూడా మార్చాలా?

కర్నూలు ఎండ

దాటించవచ్చు గాని ప్రయోజనం తక్కువ. ఆరు నెలలు కాసిన మొక్క మీద తెల్లదోమ, ఆకుల రసం పీల్చే నల్లి ఉండే ఉంటాయి, రెండు నెలల మండుటెండలో నీళ్ళు పోసి మీరు కాపాడేది వాటినే. ఉన్న కాయలు దోరకు రాగానే కోసుకొని మొక్కలను వేళ్ళతో సహా తీసేయండి.

మట్టి మార్చనక్కరలేదు. వేళ్ళ మీద బుడిపెలు ఉన్నాయేమో చూడండి. ఉంటే నులిపురుగు ఉన్నట్లు, ఆ బ్యాగుల మట్టిని టమోటా, వంగ, మిరపలకు వాడకండి. మిగిలిన మట్టిని మిద్దె మీద అరచేతి మందాన పరిచి, తడిపి, పలుచని పారదర్శక పాలిథిన్ కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి ఏప్రిల్ మధ్య నుంచి మే నెలాఖరు దాకా వదిలేయండి. నల్ల పాలిథిన్ వద్దు, వెలుతురు లోపలికి పోయే పాలిథిన్ కిందనే మట్టి ఎక్కువగా వేడెక్కుతుంది. వానలు మొదలయ్యాక పశువుల ఎరువు, వేపపిండి కలుపుకోండి. ఆగస్టు రెండో వారంలో నారు పోస్తే సెప్టెంబరులో నాటుకోవచ్చు, అప్పుడు చలికాలపు రాత్రులన్నీ మీ పూతకు దక్కుతాయి. ఈ లోపల పాలీహౌస్ ఖాళీగా ఉంచడం ఇష్టం లేకపోతే పైన షేడ్‌నెట్ కట్టి తోటకూర, గోంగూర చల్లుకోండి.