ఎకో (గుండె స్కాన్) రిపోర్టులో ఈఎఫ్ (గుండె పంపింగ్ శాతం) కాకుండా ఇంకేం చూడాలి? హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్ ఇంట్లో ఉన్నవాళ్ళు చెప్పండి

గోదారి_గట్టు, ఏలూరు:
అందరికీ నమస్తే అండి. మా నాన్నగారికి 64 ఏళ్ళు, పెద్ద హార్ట్ ఎటాక్ వచ్చి స్టెంట్ వేశారు, అప్పట్నుంచి పంపింగ్ తక్కువే. మొదటి ఎకోలో ఈఎఫ్ 28, మందులు బాగా పడ్డాక 36కి వచ్చింది, మొన్న చుట్టాలింటికి వెళ్ళినప్పుడు అక్కడ తీయిస్తే 32 అన్నారు. ఇక ఇంట్లో అందరూ పడిపోయింది పడిపోయింది అని ఒకటే కంగారు, అమ్మ సరిగ్గా అన్నం కూడా తినట్లేదు. ఆయనేమో పొద్దున్నే గుడిదాకా నడిచి వెళ్ళొస్తున్నారు, కాళ్ళవాపు లేదు, ఆయాసం లేదు. రిపోర్టు చూస్తే రెండు పేజీలుంది, బోలెడు నంబర్లు, కానీ ఎవరికి చూపించినా ఈఎఫ్ ఒక్కటి చదివేసి మడిచి ఇచ్చేస్తున్నారు. ముందుముందు ఎలా ఉంటుందో చెప్పే నంబర్లు అందులో ఇంకేవైనా ఉన్నాయా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ప్రోబ్_పట్టిన_చెయ్యి, విజయవాడ:
నేను ఎకో ల్యాబ్‌లోనే పని చేస్తానండి, చాలా ఏళ్ళయింది. 36 నుంచి 32 అనగానే పడిపోయింది అనుకోకండి, అది కొలతలో తేడా కావచ్చు. ఒకే మనిషికి ఒకే రోజు ఇద్దరు తీస్తే 5 పాయింట్లు అటూఇటూ రావడం మామూలు, కొన్నిసార్లు ఇంకాస్త ఎక్కువ కూడా వస్తుంది. కొన్నిచోట్ల స్క్రీన్ చూసి కంటి అంచనాతో చెప్పేస్తారు, 30-35 అని రాస్తారు చూడండి, అది అలా వచ్చిందే. కొన్నిచోట్ల సింప్సన్ పద్ధతిలో రెండు వ్యూల్లో గుండె లోపలి అంచు గీసి మెషిన్‌తో లెక్క కట్టిస్తారు, అది కాస్త నమ్మకంగా ఉంటుంది, అది కూడా అంచు సరిగ్గా కనిపిస్తేనే. లావుగా ఉన్నవాళ్ళకి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళకి బొమ్మ మసకగా వస్తుంది, ఎంత అనుభవం ఉన్నా అంచు ఊహించి గీయాల్సి వస్తుంది. అందుకే నా సలహా ఒకటే, వీలైనంతవరకు ఒకే చోట, ఒకే మెషిన్ మీద తీయించండి, పాత రిపోర్టు ఎప్పుడూ వెంట తీసుకెళ్ళండి, సీడీ ఇస్తే దాచుకోండి. పాత బొమ్మ పక్కన పెట్టుకుని చూస్తే నిజంగా మారిందా లేదా అన్నది తెలిసిపోతుంది, రెండు కాగితాల మీద రెండు అంకెలు చూస్తే తెలీదు.

ఎలగందుల_పోరడు, కరీంనగర్:
మా అమ్మ సంగతి చెప్త, ఇది అందరికీ పనికొస్తది. ఆమెకి ఈఎఫ్ 60, ప్రతి రిపోర్టుల నార్మల్ అనే రాసి ఉండేది, పంపింగ్ మంచిగుంది పో అని పంపిచ్చేటోళ్ళు. కానీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పండుకుంటే దగ్గు, రెండు మెత్తలు పెట్టుకుంటే గాని నిద్ర పట్టకపోయేది. బీపీ, షుగర్ రెండూ ఉన్నయి. అస్తమా కావచ్చని పంపు గూడ ఇచ్చిన్రు. ఒకనాడు రాత్రి ఊపిరి ఆడక ఎమర్జెన్సీకి తీస్కపోతే ఊపిరితిత్తుల నీళ్ళు వచ్చినయి అన్నరు. అప్పుడు ఒక మేడమ్ పాత రిపోర్టులన్నీ తీసి చూసి, ఇదిగో లెఫ్ట్ ఏట్రియం, అంటే గుండెల ఎడమ పై గది, పెద్దగైంది, గ్రేడ్ 2 డయాస్టాలిక్ డిస్ఫంక్షన్ అని ముందు నుంచే రాసి ఉంది గదా అన్నది. పంపింగ్ మంచిగనే ఉన్నా గుండె గట్టిపడి, వదులయ్యి నింపుకునే టైమ్‌ల సరిగ్గ నింపుకుంటలేదట. గా కాగితంల అంతా ఉంది, చదివినోడే లేడు. కాబట్టి ఈఎఫ్ తక్కువున్నోళ్ళే కాదు, నార్మల్ వచ్చి ఆయాసం పోనోళ్ళు గూడ మిగతా లైన్లు అడగండి.

స్టెతో_రాత్రులు, హైదరాబాద్:
కార్డియాలజీ ట్రైనింగ్‌లో ఉన్నాను. ఎవరి ఫైలూ చూడకుండా వాళ్ళ గురించి చెప్పను, నంబర్ల గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే ఈ ప్రశ్న ఓపీలో రోజూ వింటాను, టైమ్ లేక సగం సగం చెప్పి పంపిస్తున్నాం, అది నాకూ బాధగానే ఉంటుంది.

ఈఎఫ్ 40, అంతకంటే తక్కువ అయితే ఒక రకం, 41 నుంచి 49 మధ్య రకం, 50, ఆపైన ఉండి కూడా ఫెయిల్యూర్ ఉంటే మూడో రకం, ఎలగందుల అన్న వాళ్ళ అమ్మగారిది ఆ మూడోది. ఏ మందులు పని చేస్తాయో తేల్చడానికి ఈ విభజన కావాలి, కాదనను. కానీ మనిషి ముందుముందు ఎలా ఉంటాడో తెలియాలంటే నేను మొదట చూసేది ఫిల్లింగ్, అంటే గుండె రక్తం నింపుకునే తీరు. మైట్రల్ వాల్వ్ (ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది) దగ్గర రక్తం లోపలికి వచ్చే స్పీడు రెండు అలలుగా కనిపిస్తుంది, ముందుది ఈ (E), తర్వాతది ఏ (A). వీక్ అయిన గుండెలో ఈ (E) అల బాగా ఎత్తుగా లేచి టక్కున పడిపోతే, అంటే ఈ బై ఏ (E/A) 2 దాటి డిసెలరేషన్ టైమ్ (ఆ అల పడిపోవడానికి పట్టే సమయం) 150 మిల్లీసెకన్ల లోపుకి వచ్చేస్తే, రెస్ట్రిక్టివ్ ఫిల్లింగ్ అంటాం, గ్రేడ్ 3 అన్నా అదే. లోపల ప్రెషర్ బాగా పెరిగిపోయిందని అర్థం. ఒకసారి కనిపించినంత మాత్రాన అంతా అయిపోలేదు, నీరు తీసి మందులు సరిచేశాక మళ్ళీ తీస్తే తక్కువ తీవ్రత ఉన్న గ్రేడ్ 1కి దిగొచ్చేవాళ్ళు ఉంటారు, వాళ్ళు తర్వాత బాగానే నెట్టుకొస్తారు. ఎన్ని మందులు పడ్డా ఆ ప్యాటర్న్ మొండిగా అలాగే ఉండిపోయేవాళ్ళ గురించే మేం భయపడేది. ఒకే ఈఎఫ్ 30 ఉన్న ఇద్దరిలో ఒకళ్ళు హాయిగా తిరుగుతూ, ఒకళ్ళు నెలనెలా అడ్మిట్ అవుతూ ఉండటానికి చాలాసార్లు ఇదొక కారణం.

దీనికి తోడు ఈ బై ఈ ప్రైమ్ (E/e', ఆ అల స్పీడుని గుండె కండరం కదిలే స్పీడుతో భాగిస్తే వచ్చేది) 14 దాటిందా, లెఫ్ట్ ఏట్రియం వాల్యూమ్ ఇండెక్స్ (ఒంటి సైజుని బట్టి ఆ గది ఎంత పెద్దదో) 34 దాటిందా, టీఆర్ జెట్ వెలాసిటీ (కుడివైపు వాల్వ్‌లోంచి వెనక్కి కారే రక్తం స్పీడు) సెకనుకి 2.8 మీటర్లు దాటిందా, ఈ మూడూ కలిపి చూస్తాం. వీటిలో లెఫ్ట్ ఏట్రియం నాకు ఇష్టమైన కొలత. మిగతావి నిన్న ఒక లాసిక్స్ (నీరు తీసే మాత్ర) ఎక్కువ వేసుకున్నా మారిపోతాయి, అది మాత్రం షుగర్ వాళ్ళకి నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ లాగా, నెలల తరబడి లోపల ఎంత ప్రెషర్ ఉందో చెప్తుంది.

గోదారి_గట్టు:
డాక్టర్ గారూ చాలా థాంక్సండి. ఇప్పుడే చూశాను, మా నాన్నగారిది గ్రేడ్ 1 అని ఉంది. టాప్సీ 19 అని ఇంకోటి ఉంది, అదేంటండి?

స్టెతో_రాత్రులు:
అది కుడివైపు గుండె కొలత. ట్రైకస్పిడ్ అనే కుడివైపు వాల్వ్ అంచు గుండె కొట్టుకున్నప్పుడు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగుతుందో అది. 17 కంటే తక్కువైతే కుడివైపు కూడా అలిసిపోతోందని లెక్క, 19 అంటే పర్వాలేదు. ఎడమవైపు జబ్బే కదా కుడివైపు ఎందుకు అంటారు చాలామంది, కానీ ఎడమవైపు ప్రెషర్ వెనక్కి ఊపిరితిత్తుల మీద పడి, అక్కణ్ణుంచి కుడివైపు మీద పడుతుంది, కుడివైపు కూడా చేతులెత్తేస్తే కాళ్ళవాపు, పొట్టలో నీరు, ఆకలి చచ్చిపోవడం, కిడ్నీ నంబర్లు పెరగడం మొదలవుతాయి. టాప్సీని పల్మనరీ ప్రెషర్‌తో (ఊపిరితిత్తుల రక్తనాళంలో ప్రెషర్) భాగిస్తే ఒక నిష్పత్తి వస్తుంది, అది 0.36 కంటే తక్కువ ఉన్నవాళ్ళ పరిస్థితి కష్టంగా ఉంటుందని 2013లో ఇటలీ వాళ్ళు చూపించారు. రిపోర్టులో రెండు అంకెలూ ఉంటాయి కాబట్టి ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు, కానీ వేసుకుని కూర్చోకుండా డాక్టర్‌ని అడగండి.

ప్రోబ్_పట్టిన_చెయ్యి:
ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎకో తీసేటప్పుడు ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, చెయ్యి తల కింద పెట్టుకోమని, ఊపిరి వదిలి ఆపమని అంటాం కదా, చివర్లో వెల్లకిలా తిప్పి పొట్ట పైభాగంలో ప్రోబ్ పెట్టి ముక్కుతో ఒక్కసారి గట్టిగా పీల్చండి అంటాం. అప్పుడు మేం చూసేది ఐవీసీ, కిందనుంచి గుండెకి వచ్చే పెద్ద సిర. పీల్చగానే అది చప్పున సగానికి పైగా ముడుచుకోవాలి. 21 మిల్లీమీటర్లకి మించి ఉబ్బి, పీల్చినా కదలకుండా అలాగే ఉంటే ఒంట్లో నీరు ఎక్కువుందని, కుడివైపు ప్రెషర్ పెరిగిందని. చాలామంది ముసలివాళ్ళు మొహమాటంతో మెల్లగా పీలుస్తారు, అప్పుడు సరిగ్గా తెలీదు. మీవాళ్ళకి ముందే చెప్పి తీసుకెళ్ళండి, గట్టిగా పీల్చమని. ఆయాసం తగ్గిందని ఇంటికి పంపేసేముందు ఆ సిర ఇంకా ఉబ్బే ఉంటే త్వరలోనే మళ్ళీ అడ్మిషన్ పడే అవకాశం ఎక్కువ, మా ల్యాబ్‌లో ఇది చాలామందిలో చూశాను.

డల్లాస్_తెలుగమ్మాయి:
నాది వేరే రకం కానీ చెప్తాను. బాబు పుట్టిన కొత్తలో కాళ్ళవాపులు, ఆయాసం వస్తే అందరూ బాలింతకి మామూలే అన్నారు, మా అత్తయ్య మాత్రం ఒప్పుకోలేదు, పట్టుబట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది. పెరిపార్టమ్ కార్డియోమయోపతి అని తేలింది, అంటే కాన్పు సమయంలో గుండె కండరం బలహీనపడే జబ్బు. ఈఎఫ్ 33. నేను ఏడుస్తుంటే డాక్టర్ కూర్చుని ఇంకో నంబర్ చూపించింది, ఎల్‌వీ (ఎడమ కింది గది) డయాస్టోల్‌లో, అంటే రక్తం నిండినప్పుడు, 52 మిల్లీమీటర్లు ఉంది, గుండె ఇంకా సాగిపోలేదు, ఇది మంచి విషయం అని. తర్వాత నేనే చదువుకున్నాను, 2015లో వచ్చిన ఐప్యాక్ అనే స్టడీలో నార్త్ అమెరికాలో 100 మంది ఆడవాళ్ళని ఏడాది ఫాలో అయ్యారు, మొదట్లో ఈఎఫ్ 30కి తగ్గకుండా, గుండె సైజు 60 మిల్లీమీటర్ల లోపు ఉన్నవాళ్ళలో 91 శాతం మంది కోలుకున్నారు, ఈఎఫ్ 30 కంటే తక్కువ, సైజు 60 పైన రెండూ ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా పూర్తిగా కోలుకోలేదు. నాది ఇప్పుడు 57. రెండో బిడ్డ సంగతి మాత్రం కార్డియాలజిస్ట్‌తో కూర్చుని మాట్లాడకుండా ఆలోచించొద్దన్నారు, అలాంటివాళ్ళెవరైనా ఇది చదువుతుంటే మీరూ అలాగే చెయ్యండి ప్లీజ్.

ఇక్కడ ప్రతిసారీ స్ట్రెయిన్ కూడా తీస్తున్నారు, జీఎల్ఎస్ అని. ఇండియాలో తీస్తారా?

స్టెతో_రాత్రులు:
పెద్ద సెంటర్లలో తీస్తారు. గుండె కండరం పొడవునా ఎంత శాతం కుంచించుకుంటుందో అది, మామూలుగా మైనస్ 20 దగ్గర ఉంటుంది, ఈఎఫ్ ఇంకా నార్మల్‌గా ఉన్నప్పుడే ఇది తగ్గడం మొదలవుతుంది, అందుకే కీమో తీసుకునేవాళ్ళకి, ఈఎఫ్ తిరిగి నార్మల్‌కి వచ్చిన మీలాంటివాళ్ళకి ఉపయోగం. అయితే ఒక కంపెనీ మెషిన్‌లో వచ్చిన అంకెని ఇంకో కంపెనీ మెషిన్ అంకెతో పోల్చకూడదు. మీ ఊళ్ళో లేకపోతే దీనికోసం సిటీకి పరిగెత్తాల్సిన పని లేదు, పైన చెప్పినవి మామూలు మెషిన్ మీదే వస్తాయి.

పెన్నా_ఒడ్డున, కడప:
మా బావ విషయం చెప్పాల. ఆయప్పకి ఈఎఫ్ 25 నుంచి 55కి వచ్చింది, ఊరంతా స్వీట్లు పంచినాడు. నార్మల్ అయింది కదా ఇంగెందుకు ఈ మాత్రలు, కిడ్నీలు పోతాయి అని ఎవురో చెప్తే అన్నీ ఆపేసినాడు. కొన్నాళ్ళకి మళ్ళా ఆయాసం, ఎకో తీస్తే 30. మా అక్క పడిన బాధ మాటల్లో చెప్పలేను. నంబర్ బాగుందంటే మందుల వల్ల బాగుంది, మందులు లేకుండా బాగున్నట్టు కాదు, దయచేసి ఎవురూ ఆపొద్దండి.

స్టెతో_రాత్రులు:
ఇది అందరూ చదవాలి. లండన్‌లో ట్రెడ్ హెచ్ఎఫ్ అనే స్టడీలో సరిగ్గా ఇదే పరీక్షించారు, డైలేటెడ్ కార్డియోమయోపతి (గుండె సాగి బలహీనపడే జబ్బు) నుంచి కోలుకుని ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి డాక్టర్ల కళ్ళ ముందే మెల్లగా మందులు ఆపి చూస్తే 6 నెలల్లో 44 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఇంకొకటి, 2013లో తిరువనంతపురం జిల్లాలో హార్ట్ ఫెయిల్యూర్‌తో అడ్మిట్ అయిన 1205 మందితో ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టారు, సగటు వయసు 61 మాత్రమే, మూడేళ్ళలో దాదాపు 45 శాతం మంది చనిపోయారు. భయపెట్టడానికి చెప్పట్లేదు. గైడ్‌లైన్ ప్రకారం మందులు పూర్తిగా అందినవాళ్ళు అందులోనూ ఎక్కువకాలం బతికారు, అలా అందినవాళ్ళు తక్కువ. ఎకో నంబర్ జాతకం కాదు, మందులు, ఉప్పు, బీపీ, కిడ్నీ, బరువు ఇవన్నీ దాన్ని అటూఇటూ జరుపుతాయి. ముప్పు ఎంతో అంచనా వేయడానికి మేం వాడే మ్యాజిక్ (MAGGIC) అనే స్కోరులో కూడా ఎకో నుంచి తీసుకునేది ఈఎఫ్ ఒక్కటే, మిగతావన్నీ వయసు, క్రియాటినిన్, బీపీ, ఆయాసం ఏ స్థాయిలో ఉంది, బీటా బ్లాకర్ వాడుతున్నారా లేదా, ఇలాంటివే.

గోదారి గట్టు గారూ, మీ 36, 32 తేడా ఒక్కచోట మాత్రం ముఖ్యం. కనీసం 3 నెలలు పూర్తి మందులు వాడాక కూడా ఈఎఫ్ 35, అంతకంటే తక్కువ ఉంటే ఐసీడీ గురించి ఆలోచిస్తాం, గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోకుండా షాకిచ్చే పరికరం. ఆ గీత మీ రెండు రిపోర్టుల మధ్యలో ఉంది. అందుకని కంటి అంచనాతో కాకుండా సింప్సన్‌తో, మీరు ఎప్పుడూ చూపించే చోటే ఇంకోసారి కొలిపించి, డాక్టర్‌ని ఐసీడీ గురించి నేరుగా అడగండి.

గోదారి_గట్టు:
ఇది ఎవరూ చెప్పలేదండి మాకు. ఈ వారమే తీసుకెళ్తాను.

ఎలగందుల_పోరడు:
ఒక్క డౌట్. అమ్మకి ఇప్పుడు ఏఎఫ్ గూడ వచ్చింది, గుండె కొట్టుకునుడు ఒక లెక్కల ఉంటలేదు. ఎకో తీసినప్పుడల్లా నంబర్లు మారుతున్నయి, ఏది నమ్మాలె?

ప్రోబ్_పట్టిన_చెయ్యి:
అన్నా, ఏఎఫ్‌లో ప్రతి బీట్‌కి రక్తం వేరేగా నిండుతుంది కాబట్టి ఒక్క బీట్ మీద కొలిస్తే తప్పే. కనీసం 5 బీట్లు కొలిచి సగటు తీయాలి, తీసేవాళ్ళని ముందే అడుగు, ఏమీ అనుకోరు. ఏఎఫ్‌లో పైన చెప్పిన ఏ (A) అల అసలు ఉండదు, గ్రేడ్ 1, గ్రేడ్ 2 అనే లెక్క మామూలుగా పెట్టడానికి కుదరదు, ఎవరైనా అలా రాస్తే ఎలా పెట్టారని అడుగు. రిపోర్టు పైన హార్ట్ రేట్ ఎంతుందో చూడు, 130లో కొట్టుకుంటున్నప్పుడు తీసిన ఎకో అయితే రేట్ కంట్రోల్ అయ్యాక మళ్ళీ తీయించు. రేడియేషన్ ఏమీ ఉండదు, ఎన్నిసార్లు తీసినా నష్టం లేదు, కాకపోతే డబ్బులు దండగ కాబట్టి డాక్టర్ చెప్పినప్పుడే.